ఎంటర్ కొడితే కింది గడిలోకి దిగాలి

గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో కోతల సీజన్ మొదలైందంటే ఎవరికీ తీరిక ఉండదు. నేను లెక్కలు చూసే చోటా అంతే. సరుకు దిగగానే రైతు పేరు, ఊరు, మిర్చి రకం, టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని, లాట్ నంబరు అన్నీ ఎక్కించి, సరుకు దిగినట్టు రాసిచ్చే బాండు రైతు చేతికివ్వాలి. ఎప్పటిదో ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో రాసిన ప్రోగ్రామ్ నడిచే కంప్యూటర్ కాస్తా మూలపడింది. దాంతో ఆ పని చేసే విండో నేనే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, విండోలు తయారుచేసే టికింటర్‌తో రాశాను.

"ఈ రోజుల్లో డెస్క్‌టాప్ అప్లికేషన్ ఎవరు రాస్తారక్కా, వెబ్‌లో పెట్టెయ్" అన్నాడు మా తమ్ముడు. ఒక్క టేబుల్, ఒక్క కంప్యూటర్, దాని ముందు కూర్చునే ఒక్క గుమస్తా. నెట్ పోయినా రైతును ఆపకూడదు. దీనికి సర్వర్ ఎందుకు? వివరాలు దాచుకునే ఎస్‌క్యూఎల్ లైట్ డేటాబేస్ ఫైలు ఒకటి, దాని మీద ఒక విండో, చాలు.

టికింటర్ పాతకాలపు సరుకే. అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో జాన్ ఔస్టర్‌హౌట్ టిక్కిల్ అనే చిన్న ప్రోగ్రామింగ్ భాష తయారుచేసి, దానికి తోడుగా విండోలు, బటన్లు పెట్టుకోవడానికి టీకే అనే టూల్‌కిట్‌ను 1991లో బయటపెట్టాడు. పైథాన్ నుంచి ఆ టీకేను వాడుకోనిచ్చేదే టికింటర్. విండోస్‌లో పైథాన్‌తో పాటే వచ్చేస్తుంది. మా ఆఫీసులో ఉన్న పాత మిషన్‌లో విండోస్ బదులు లైనక్స్ మింట్ ఉంది కాబట్టి పైథాన్3-టీకే అనే ప్యాకేజీ విడిగా వేసుకోవాల్సి వచ్చింది. చూడ్డానికి మొరటుగా ఉంటుందంటారు, నిజమే. 2007లో టీకే 8.5తో వచ్చిన టీటీకే విడ్జెట్లు (బటన్లు, గడుల్లాంటి విండో భాగాలు) వాడితే కాస్త మర్యాదగా కనిపిస్తుంది. అయినా మిర్చి ఘాటుకు తుమ్ముతూ టైపు చేసే మనిషికి బటన్ అంచులు గుండ్రంగా ఉంటే ఎంత, లేకపోతే ఎంత?

విండో తెరమీదికి రావడం నాలుగు లైన్ల పని. రూట్ విండో తెరవాలి, ఒక లేబుల్, ఒక బటన్ పెట్టాలి, చివర మెయిన్‌లూప్‌ను పిలవాలి. అర్థం చేసుకోవాల్సిందల్లా ఆ చివరి లైనే. మన ప్రోగ్రామ్ అప్పటిదాకా పైనుంచి కిందికి నడిచి, అక్కడ ఆగి కూర్చుంటుంది. కాటా దగ్గర కూర్చున్న మనిషి లారీ వస్తేనే లేచినట్టు, ఎవరైనా కీ నొక్కితేనో మౌస్ కదిపితేనో అది లేస్తుంది, ఆ పని చూసి మళ్లీ కూర్చుంటుంది. ఆ కాసేపటి పని కాసేపట్లో తేలకపోతే విండో మొత్తం బిగుసుకుపోతుంది. అందుకే బాండు ప్రింటుకు పంపే పని వేరే త్రెడ్‌లో, అంటే పక్కన విడిగా నడిచేలా పెట్టాను. ఆ త్రెడ్ నుంచి విడ్జెట్లను ముట్టుకోను. ప్రింటు వెళ్లిందో లేదో ఆఫ్టర్ అనే ఫంక్షన్‌తో 200 మిల్లీసెకన్లకోసారి విండోయే చూసుకుంటుంది.

గడులు వరుసగా కుదరాలంటే అడ్డం నిలువు వరుసల్లో అమర్చే గ్రిడ్ వాడాలి. ఒకదాని పక్కన ఒకటి పేర్చే ప్యాక్ సులువే కానీ ఫారాలకు పనికిరాదు. ఒకే ఫ్రేమ్‌లో రెండూ కలిపితే టీకే ఒప్పుకోదు, ఎర్రర్ ఇస్తుంది. లేబుళ్లు మొదటి నిలువు వరుసలో, గడులు రెండోదానిలో. మిగిలిన చోటు రెండో వరుసకు పోయేలా దానికి వెయిట్ 1 ఇచ్చి, గడులు ఏ అంచులకు అతుక్కోవాలో చెప్పే స్టికీలో తూర్పు పడమర రెండూ ఇవ్వాలి. వెయిట్ ఇవ్వకపోతే విండోను పెద్దది చేసినప్పుడు ఫారమంతా పైన ఎడమ మూలకు ముడుచుకుని, మిగతా తెరంతా బోసిగా ఉంటుంది.

ఇంతవరకూ ఏ పాఠంలోనైనా దొరుకుతుంది. అసలు పని మా గుమస్తా బాబాయ్ కుర్చీలో కూర్చున్నాక మొదలైంది. పేరు కొట్టి ఎంటర్ నొక్కారు. ఏమీ జరగలేదు. "అమ్మాయ్, ఎంటర్ కొడితే కిందికి దిగాలి గదా" అన్నారు. ఫాక్స్‌ప్రోలో ఆయన చేతికి ఏళ్ల తరబడి అదే అలవాటు. టీకేలో కింది గడిలోకి తీసుకెళ్లేది ట్యాబ్, ఎంటర్ కాదు. ట్యాబ్ నేర్చుకోండి అని చెప్పొచ్చు, కానీ అది ఆయన పని కాదు, నా పని. ప్రతి గడికీ రిటర్న్ కీని (టీకేలో ఎంటర్ పేరు అదే) బైండ్ చేసి, అంటే అది నొక్కగానే టైపింగ్ తర్వాతి గడిలోకి దిగేలా ఫోకస్ ఇచ్చే ఫంక్షన్ తగిలించాను. లైనక్స్‌లో కుడివైపు అంకెల పక్కనుండే ఎంటర్ వేరే కీ కింద లెక్క, దాని పేరు కేపీ ఎంటర్. ఆయన కుడిచెయ్యి ఎప్పుడూ ఉండేది అక్కడే కాబట్టి దాన్నీ బైండ్ చేశాను.

టిక్కీల గడిలో అంకెలు తప్ప ఇంకేమీ పడకూడదు. దానికి వ్యాలిడేట్ కమాండ్ ఉంది: కీ నొక్కిన ప్రతిసారీ గడిలో ఏముండబోతోందో మన ఫంక్షన్‌కు చెప్పి, సరేనా అని అడుగుతుంది. అంకెలైతేనే సరే అని రాసి ఊరుకుంటే ఇంకో తంటా ఉంది. 45లో 5 చెరుపుతుంది, 4 దగ్గర మొండికేస్తుంది. గడి ఖాళీ అయితే అందులో అంకె లేదు కదా మరి! ఖాళీ అయినా సరే అని విడిగా చెప్పాలి.

రకం కోసం కాంబోబాక్స్, అంటే జాబితాలోంచి ఎంచుకునే గడి పెట్టాను: తేజ, 341, బ్యాడిగి, ఆర్మూర్, ఇలా. దీన్ని నేను ఇప్పటికీ నమ్మను. మౌస్ దాని మీద ఉండగా చక్రం తిరిగిందా, నొక్కకుండానే రకం మారిపోతుంది. తేజ బాండు మీద ఆర్మూర్ అని పడితే ధరలోనే తేడా, బ్యాంకులో ఆ బాండు పెట్టి అప్పు తెచ్చుకునే రైతుతో మాటపడాలి. లైనక్స్‌లో మా టీకేకు చక్రం తిప్పడమంటే బటన్ 4, బటన్ 5 నొక్కినట్టు. ఆ రెండింటికీ "బ్రేక్" అని తిరిగిచ్చే ఫంక్షన్ తగిలించి నోరు మూయించాను. బాబాయ్ మౌస్ ముట్టరు కాబట్టి 1 నొక్కితే తేజ, 2 నొక్కితే 341 వచ్చేలా చేశాను.

తెలుగు సంగతికొస్తే, లైనక్స్‌లో మా టీకే అక్షరాలను గీస్తుంది గానీ గుణింతాన్నీ వత్తునూ కలపదు. వెంకటేశ్వర్లు అని కొడితే వత్తులు కిందికి దిగకుండా పొల్లులతో పక్కపక్కనే నిలబడతాయి. అదే పేరు విండోస్‌లో టికింటర్‌తోనే చక్కగా వస్తుంది. టీకే లాంటి వేరే టూల్‌కిట్లు జీటీకే, క్యూటీ రెండూ అక్షరాలు కూర్చడానికి హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ వాడతాయి, లైనక్స్‌లోనూ వాటికి ఈ ఇబ్బంది లేదు. మా బాండ్లు మొదట్నుంచీ ఇంగ్లిష్‌లోనే కాబట్టి ప్రస్తుతానికి గండం గడిచింది. తెలుగు బాండు కావాలని యజమాని గారు అడిగిన రోజున క్యూటీలో తిరగరాయక తప్పదు. నిజానికి అడగాలనే నా కోరిక.

ఇక మిగిలింది పైమూలన ఉండే ఇంటూ గుర్తు. సగం నింపిన ఫారంతో అది నొక్కితే విండో మారుమాట లేకుండా మూసుకుపోతుంది. విండో మూయమన్నప్పుడు వచ్చే డబ్ల్యూఎం డిలీట్ విండో అనే ప్రోటోకాల్‌కు మన ఫంక్షన్ ఇస్తే ముందు దాన్నే పిలుస్తుంది. గడులన్నీ ఖాళీగా ఉంటే మారుమాట్లాడకుండా మూసెయ్యి, లేకపోతే సేవ్ చేయాలా అని అడుగు అని రాశాను. ఆ ప్రశ్నకు కూడా ఎంటర్ కొడితే అవును అనే అర్థం.