సీటు రాడ్డు

పదకొండున్నర దాటింది. రెండుసార్లు సబ్బు పెట్టి కడిగినా చేతులకి నూనె వాసన పోలేదు. లైటు ఆర్పి పడుకున్నవాణ్ణి మళ్ళీ లేచి కూర్చున్నాను. మా ఆవిడ అటు తిరిగి పడుకుంది, ఏమీ అనలేదు. సైకిల్ సంగతి తేలేదాకా నేనిలాగే ఉంటానని తనకి తెలుసు.

బాబాయ్ సైకిల్ అమ్మేద్దామనుకుంటున్నానని పోయిన నెలే రాశాను కదా. అప్పుడు గట్టిగానే అనుకున్నాను. మూడేళ్ళుగా బాల్కనీలో గోడకి ఆనించి ఉంది. టైర్ల పక్కలు పగుళ్ళిచ్చాయి. బట్టలారేసే స్టాండు కోసం దాన్ని పక్కకి జరిపినప్పుడల్లా చిన్నది "నాన్నా, అసలిది ఎవరైనా తొక్కుతారా?" అంటుంది. అందులో తప్పేం లేదు. ఉన్నమాటే అడుగుతోంది. పోయిన వారం ఫొటోలు తీసి అమ్మకానికి పెట్టాను.

ఇవాళ మధ్యాహ్నం ఒకతను చూడ్డానికొచ్చాడు. నా నిద్ర పాడైంది అతనివల్లే.

వస్తూనే సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి వెనక డిరైలర్ మీది అక్షరాలు చదివాడు. గేర్ మార్చినప్పుడు చైన్‌ని పక్కకి జరిపేది అదే. ఇటలీ కంపెనీ కాంపన్యోలో వాళ్ళ న్యూవో రికార్డ్ అది. పై భాగంలో 'పేటెంట్ 81' అని గుద్ది ఉంటుంది, ఏ ఏడాదిదో దాన్నిబట్టి చెప్పేయొచ్చు. అది చూసి తలూపాడు. సరే, తెలిసినవాడే అనుకున్నాను. ఆ వెంటనే, సైకిల్ గోడకి ఆనించి ఉండగానే, కింది గొట్టం మీదున్న గేర్ లీవర్ పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగడం మొదలుపెట్టాడు. పెడల్ తిరగనప్పుడు గేర్ మార్చకూడదు. చైన్ ఉన్నచోటే ఉండిపోతుంది, డిరైలర్ దాన్ని పక్కకి తోస్తుంది, మధ్యలో ఆ బరువంతా వైరు మోస్తుంది. "ఒక్క నిమిషం, వెనక చక్రం పైకెత్తి పట్టుకుంటాను, తిప్పి చూడండి" అన్నాను. "పర్లేదండీ, ఇది కదిలితే చాలు" అన్నాడు.

'ఇది' అంటే సైకిల్ కాదు, డిరైలర్.

అసలు సంగతి అప్పుడు బయటపడింది. అతనికి కావలసింది ముందూ వెనకా డిరైలర్లు, పెడల్ క్రాంకులు, బ్రేకులు, లీవర్లు. విప్పి ఒక్కొక్కటీ విడిగా అమ్ముతాడట. సీటు పట్టుకుని అటూ ఇటూ ఊపి, "సీటు రాడ్డు గొట్టంలో పట్టేసింది కదండీ, ఫ్రేము ఇంకెందుకూ పనికిరాదు. మీరే ఉంచుకోండి. లేదంటే నేనే పట్టుకెళ్ళి ఎవరికైనా గోడకి తగిలించుకోడానికి ఇచ్చేస్తా" అన్నాడు. చక్రాలు ఇరవై ఏడు అంగుళాలవి, అవీ ఎవరికీ అక్కర్లేదట. అన్నీ నవ్వుతూనే చెప్పాడు, మర్యాదగానే. అందుకే ఇంకా మండింది. గట్టిగా మాట్లాడి ఉంటే నేనూ ఒక మాట అనేసి మర్చిపోయేవాణ్ణి.

ఫ్రేము పనికిరాదా? సీటు గొట్టం మీద స్టిక్కర్ సగం చిరిగిపోయినా 531 అనే అంకెలు ఇంకా కనిపిస్తున్నాయి. సైకిల్ గొట్టాలు చేసే ఇంగ్లండు కంపెనీ రెనాల్డ్స్ వాళ్ళు 1935లో తెచ్చిన ఉక్కు. మాంగనీసు, మాలిబ్డినం కలిసిన ఉక్కు అది. అతుకులు పడే చివర్లలో మందంగా, మధ్యలో పలచగా లాగిన గొట్టాలు. మధ్యలో ఆ గోడ మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. గోరుతో కొడితే పలచటి గిన్నె మోగినట్టు మోగుతుంది. ఒక గొట్టం సొట్టపోయినా, అతుకు దగ్గర ఇత్తడి కరిగేదాకా వేడిచేసి ఊడదీసి, కొత్త గొట్టం వేసి మళ్ళీ అతకొచ్చు. చెడితే బాగుచేసుకోవడానికే కట్టిన ఫ్రేము. సైకిల్ అంటే అదే. గేర్లు దాని మీదికి తర్వాత వచ్చి చేరినవి. బాబాయ్ అవి కూడా ఎవరో వాడినవే కొని బిగించాడు.

చక్రాల మాటకొస్తే, ఇరవై ఏడు అంగుళాల రిమ్ము టైరు కూర్చునే చోట 630 మిల్లీమీటర్లు. ఇప్పుడు దాదాపు రోడ్డు సైకిళ్ళన్నిటికీ వచ్చే 700సి అయితే 622. తేడా ఎనిమిది, అంటే బ్రేకు రబ్బరు దగ్గర నాలుగే. బ్రేకు చేతుల్లో రబ్బరు జారే గాడి ఇంకో నాలుగు మిల్లీమీటర్లు కిందికి వస్తే 700సి చక్రాలు పెట్టేయొచ్చు. దీనికి వస్తుంది, నేను కొలిచి చూశాను. వెనక ఫోర్కు వెడల్పు మాత్రం 126, ఇలా రిమ్ముని పట్టే బ్రేకులకి వచ్చే కొత్త హబ్బులు, అంటే చక్రం నడిమి భాగాలు, 130. ఉక్కు కాబట్టి అటు రెండు, ఇటు రెండు మిల్లీమీటర్లు సాగదీయించొచ్చు. ఇవన్నీ అతనికి తెలియవా? తెలిసే ఉంటాయి. తెలిసి కూడా ఫ్రేమునే పారేసే వస్తువు కింద లెక్కేశాడు. నాకు మింగుడుపడంది అది.

అమ్మనని చెప్పి పంపేశాను. తలుపు వేసి వచ్చి పంపు తీసి రెండు చక్రాలకీ గాలి కొట్టాను. పగుళ్ళున్నాయని సగమే కొట్టి, కిందికి దింపి వీధి చివరిదాకా వెళ్ళొచ్చాను. ఎంత బాగుందో! అంతే, నాలుగు నిమిషాలు.

ఆ నాలుగు నిమిషాల్లో గేర్ ఒక్కసారే మార్చాను. చెయ్యి దానంతటదే కిందికి వెళ్ళింది.

నాకప్పుడు పదమూడు. బాబాయ్ ఈ సైకిల్‌ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఒకరోజు సాయంత్రం ఏమనుకున్నాడో, "దా, ఎక్కు" అన్నాడు. పక్కింటివాళ్ళ సైకిల్ అడిగి తెచ్చుకుని తను దానిమీద పక్కన వచ్చాడు. అప్పుడు సీటు కిందికి దిగేది. అడుగంటా దింపి ఇచ్చాడు, అయినా నా బొటనవేళ్ళే అందాయి. అప్పటిదాకా గేర్లున్న సైకిల్ ఎక్కి ఎరగను. ఈ లీవర్లకి టిక్కుటిక్కుమని ఆగే మెట్లుండవు. అవి 1984 తర్వాత జపాన్ కంపెనీ షిమానో వాళ్ళవల్ల మామూలైపోయాయి. వీటిని ఎంత లాగితే చైన్ అంత కదులుతుంది, ఎక్కడ ఆపాలన్నది మనదే. హ్యాండిల్ మీంచి ఒక చెయ్యి తీయాలి, వంగాలి, లాగాలి, మళ్ళీ ఒక వెంట్రుకవాసి వెనక్కి వదలాలి. "చూడకు, విను" అన్నాడు బాబాయ్. నాకేమీ వినపడలేదు. గరగరమంటూనే ఉంది. "ఇంకొంచెం. ఊఁ, ఎక్కువైంది. వదులు. వదులు. ఆఁ, అక్కడ!" గరగర ఆగిపోయింది. ఒక్కసారిగా కింద ఏమీ లేనట్టు అయిపోయింది, రోడ్డు మీద టైర్ల చప్పుడు తప్ప. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

తర్వాత ఎత్తు వచ్చింది. ఎత్తు మొదలవకముందే గేర్ మార్చాలని చెప్తూనే ఉన్నాడు. నేను మొదలయ్యాక మార్చాను, బలంగా తొక్కుతూ మార్చాను. చైన్ ఊడి లోపలికి పడిపోయింది. ఏడుపొచ్చినంత పనైంది, సైకిల్ పాడుచేశానని. బాబాయ్ ఒక్క మాట అనలేదు. సైకిల్‌ని బోర్లా తిప్పి నిలబెట్టి, నా చేత్తోనే డిరైలర్‌ని ముందుకి నెట్టించి, చైన్ వదులు చేయించి, రెండు లింకులు పళ్ళమీద పెట్టించి పెడల్ తిప్పించాడు. టపటపా ఎక్కి కూర్చుంది. నా వేళ్ళన్నీ నల్లగా అయిపోయాయి. అప్పుడు సీటు కింద కట్టిన గుడ్డపీలిక విప్పి నా చేతికిచ్చాడు. ఆయన పాత చొక్కాలోంచి చింపిన ముక్క, ఒక అంచున గుండీ కాజా ఉండేది. "ప్రతిదానికీ గ్రీజు పెట్టాలిరా. కదిలేవాటికీ, కదలనివాటికీ కూడా. కదలనివాటికి అసలు మర్చిపోకూడదు" అన్నాడు. కదలనిదానికి గ్రీజెందుకో నాకు అర్థం కాలేదు.

ఆ గుడ్డ ఇప్పటికీ సీటు కిందే ఉంది. ఇవాళ వచ్చినతను దాన్ని పట్టుకుని, "ఇదేంటండీ" అని విప్పబోయాడు.

ఇదంతా సాయంత్రం ఏడింటిదాకా. అమ్మనే అమ్మను అనుకుంటూ ఉన్నాను. ఇక్కడిదాకా రాశాక మళ్ళీ చదువుకుంటే అంత ధైర్యంగా లేదు.

ఎందుకంటే ఆ నాలుగు నిమిషాల తర్వాత మోకాళ్ళు లాగుతున్నాయి. ఆరేళ్ళ కిందట మోకాలి ఆపరేషన్ అయ్యాక బాబాయ్ దీన్ని నాకిచ్చేశాడు. అప్పటికే సీటు రాడ్డు ఆయన ఎత్తు దగ్గర బిగుసుకుపోయి ఉంది. పెడల్ ఇరుసు, అంటే క్రాంకులు రెండూ తిరిగే ఇరుసు, దాని నుంచి సీటు పైదాకా 76 సెంటీమీటర్లు. నాకు కావలసింది 71. ఐదు సెంటీమీటర్లంటే వినడానికి చిన్నదే. ప్రతి పెడల్‌కీ నడుం అటొకసారి ఇటొకసారి ఒరగాలి. ఒక ఏడాది అలాగే తొక్కాను, నడుం పట్టేసింది. తర్వాత తగ్గించాను. తర్వాత మానేశాను. గోడకి తగిలించుకుంటారన్న మాటకి నాకంత కోపమొచ్చింది కానీ, గోడకి ఆనించి మూడేళ్ళుగా నేను చేస్తున్నది ఏమిటి? రాడ్డు కదిలినా ఫ్రేము సీటు గొట్టం పొడవు 58 సెంటీమీటర్లు, నాకు సరిపోయేది 54. హ్యాండిల్ కూడా దూరమే. ఇది నా ఒంటికి కట్టిన సైకిల్ కాదు. ఆ మాట ఇవాళ్టిదాకా ఎక్కడా రాయలేదు నేను.

ఎనిమిదింటికి బాబాయ్‌కి ఫోన్ చేశాను. చెప్పకుండా అమ్మకానికి పెట్టానన్న బరువు అప్పటికే ఉంది. అంతా చెప్పాను, వచ్చినతని గురించి కూడా. విన్నాడు. వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు. "రాడ్డు కదిలిందా?" అన్నాడు.

"లేదు బాబాయ్."

కాసేపు ఊరుకున్నాడు. "అది నా పనేరా. చివరిసారి తీసి పెట్టినప్పుడు గ్రీజు అయిపోయింది. మర్నాడు పెడదాంలే అని అలాగే దూర్చేశాను" అన్నాడు.

ఏమనాలో తెలీలేదు నాకు. ఉక్కు గొట్టంలో అల్యూమినియం రాడ్డు, మధ్యలో వానతడి, చెమట. రెండు లోహాలూ తడిలో కలిస్తే అల్యూమినియం తెల్లగా పొడి కడుతుంది. ఆ పొడి అసలు లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. గొట్టంలోకి ఏళ్ళ తరబడి మేకు దిగేసినట్టే. నాకు గ్రీజు పాఠం చెప్పిన మనిషే ఒక్కరోజు వాయిదా వేశాడు. ఇన్నేళ్ళూ ఆ సంగతి ఆయన మనసులో పెట్టుకుని ఉన్నాడు. ఎప్పుడు ఫోన్ చేసినా సైకిల్ ఎలా ఉందని అడగకపోతే, మర్చిపోయాడనుకున్నాను.

"గేర్ లీవర్ స్క్రూ చూసుకో, అది వదులైపోతుంటుంది" అని పెట్టేశాడు.

ఫోన్ పెట్టేశాక రాడ్డు చుట్టూ నూనె పోశాను. సన్నటి సందుల్లోకి దిగే రకం. రేపు, ఎల్లుండి పొద్దునా సాయంత్రం పోస్తూ ఉండాలి. అప్పటికీ రాకపోతే పెడల్ ఇరుసు విప్పి, ఫ్రేము తలకిందులు చేసి లోపలి వైపునుంచి పోయాలి. మంచు ముక్కలు గుడ్డలో చుట్టి రాడ్డుకి పెట్టి చూడాలి. చల్లబడితే అల్యూమినియం ఉక్కు కన్నా రెట్టింపు ముడుచుకుంటుంది, ఆ సందులో కదలొచ్చు. రంపంతో కోసేయమని, కాస్టిక్ సోడా పోసి కరిగించేయమని చెప్పేవాళ్ళున్నారు. అంతదాకా రానివ్వను.

నూనె పోస్తుంటే గుర్తొచ్చింది, ఇంకో మనిషి కూడా అడిగారు. మూడు రోజులైంది, నేను జవాబివ్వలేదు. ఆవిడ గేర్ల గురించి ఏమీ అడగలేదు. "సీటు గొట్టం ఇరుసు మధ్యనుంచి పైదాకా ఎంతో కొలిచి చెప్పగలరా? నేను పొడగరిని, నా సైకిల్ చిన్నదైపోయింది. రోజూ ఆఫీసుకి తొక్కుకునే వెళ్తాను" అని, అంతే. ఇతనిలా పొగడలేదని, పాతది విలువైనది అని ఒక్క మాటా అనలేదని పక్కన పెట్టేశాను. అంతమందిలో సైకిల్ గురించి అడిగింది ఆవిడొక్కరే.

ఇందాకే టేపు పెట్టి కొలిచాను. 58. ఆవిడకి రాశాను. టైర్లు మార్చాలని, చక్రాల కొలత ఫలానా అని, రాడ్డు పట్టేసిందని దాచకుండా రాశాను. చివర్లో, మీరు సీటు ఎంత ఎత్తులో పెట్టుకుంటారు అని అడిగాను. 76 అని జవాబొస్తే రాడ్డుని ఇక కదపక్కర్లేదు. రావాలనుందో, రాకూడదనుందో నాకింకా తెలీడంలేదు. పంపి గంటైంది. పడుకుని ఉంటారు.

గుడ్డపీలిక విప్పలేదు. అది సైకిల్‌తో వెళ్ళాలా, నా దగ్గరుండాలా అన్నది రేపు ఆలోచిస్తాను.

లీవర్ స్క్రూ సంగతి మర్చేపోయాను. వెళ్ళి బిగించొచ్చి పడుకుంటాను.