తాతయ్య రిజిస్టరులో లైపో బ్యాటరీ

డాలస్‌లో మగపిల్లాణ్ని పెంచుతున్న తెలుగు తల్లికి ఎయిర్‌సాఫ్ట్ అనే ఆట ఓ పట్టాన మింగుడు పడదు. కాల్చేది 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుళ్లే, చూడ్డానికి మాత్రం అచ్చం అసలు తుపాకీ. అమ్మేటప్పుడు గొట్టం చివర నారింజ రంగు ముక్క ఉండాలని అమెరికా చట్టం. దూరం నుంచి చూసే పోలీసుకి ముందు ఆ ముక్క కనపడుతుందా, మావాడి ఒంటి రంగు కనపడుతుందా అన్నది నా భయం. అందుకే సంచిలోంచి తుపాకీ తీస్తే మైదానంలోనే తీయాలి. ఇంటి ముందు, పార్కులో కుదరదు. దీని మీద మా ఇంట్లో చర్చ లేదు.

ఆ ఆటలో నాకు నచ్చింది తుపాకీని నడిపే బ్యాటరీ ఒక్కటే. పదిహేనేళ్లొచ్చినా తిన్న కంచం తీయడు గానీ, లైపో, అంటే లిథియం పాలిమర్ బ్యాటరీ దగ్గర మాత్రం మడి కట్టుకున్న ముసలమ్మలా ఉంటాడు. ఆట అవగానే తుపాకీ నుంచి బ్యాటరీ పీకేస్తాడు. తగిలించి వదిలేస్తే లోపలి ఎలక్ట్రానిక్స్ కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయట. సెల్ 3 వోల్టుల కిందకి దిగిపోతే ఇక దాన్ని నమ్మకూడదు. ఉబ్బిందేమో వేళ్లతో తడిమి చూస్తాడు, వైర్ల తొడుగు ఎక్కడైనా చిట్లిందేమో చూస్తాడు, తెల్ల ప్లగ్గుకి చిన్న చెకర్ గుచ్చి సెల్ సెల్‌కీ వోల్టేజి చదువుతాడు. 7.4 వోల్టుల బ్యాటరీలో రెండు సెల్‌లు. నిండుగా ఉంటే ఒక్కోటి 4.2. ఒకటి 4.2 చూపించి రెండోది 3.9 దగ్గరే ఆగిపోయిందంటే ఆ బ్యాటరీ ఆ పూట ఆటకి రాదు.

మొన్న వేసవిలో విజయవాడ వచ్చినప్పుడు తుపాకీ డాలస్‌లోనే ఉంచేశాం. అవే బ్యాటరీలతో నడిచే రిమోట్ కారు మాత్రం వెంట వచ్చింది. విడి బ్యాటరీలు చెక్‌ఇన్ పెట్టెలో పెట్టనివ్వరు, చేతిసంచిలోనే తేవాలి. 100 వాట్ అవర్ల లోపుంటే పేచీ లేదు. మావాడివి 7.4 వోల్టులు, 1300 ఎంఏహెచ్ (1.3 ఆంపియర్ అవర్లు), రెండూ గుణిస్తే పది వాట్ అవర్లకి కూడా రావు. కొనలకి టేపు చుట్టి తెచ్చాడు. ఛార్జరు మీద 100-240 అని ఉందో లేదో నేను ముందే చూసుకున్నాను. 110కి మాత్రమే చేసినదైతే ఇక్కడి 230 దెబ్బకి పొగ వస్తుంది. కన్వర్టరు పిన్ను మన సాకెట్లో వదులుగా ఊగుతుంటే గవర్నర్‌పేట వెళ్లి ఇక్కడి వైరే కొన్నాం.

పటమటలో మా నాన్నగారిది పై అంతస్తు. రోళ్లు పగిలే రోహిణి కార్తె. లిథియం సెల్‌ని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జి చేయకూడదంటారు. ఆ రోజుల్లో మధ్యాహ్నం బయట అంత వేడి ఉన్నా ఆశ్చర్యం లేదు, స్లాబు కింద అటక సంగతి చెప్పక్కర్లేదు. మావాడు పొద్దున్నే లేచి ఛార్జి పెట్టుకుంటానన్నాడు. సెలవుల్లో వాడు పొద్దున్నే లేస్తాననడమే ఒక విశేషం.

"పొద్దున్నే ఎందుకురా, రాత్రికి పెట్టేసి పడుకో. తెల్లారేసరికి నిండుగా ఉంటుంది" అన్నారు నాన్న.

"నో తాతయ్యా. అది రాంగ్."

ఎదురుగా కూర్చున్న బాబాయి వాణ్ని చూడలేదు, నన్ను చూశాడు. అమెరికా పెంపకం అని పైకి అనలేదంతే. నాన్న ముందు కుర్చీలో కూర్చోడానికే జంకిన ఇల్లు మాది. అయినా నిప్పంటుకునే ప్రమాదం ఉన్న చోట పిల్లాడు పెద్దవాళ్ల మాటకి తలూపి ఊరుకోవడం నాకు వద్దు. "అలా పెడితే ఉబ్బుతుంది తాతయ్యా" అంటే సరిపోయేది, మొహం మీద కొట్టక్కర్లేదు. ఆ మాట తర్వాత గదిలో చెప్పాను.

నాన్నకి అవేవీ పట్టలేదు. "ఎందుకు రాంగ్?" అని కుర్చీ ముందుకి లాక్కున్నారు. ఆయన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో రిటైరయ్యారు. అక్కడి బ్యాటరీ గదిలో వరసగా లెడ్ యాసిడ్ సెల్‌లు, హైడ్రోమీటరు ముంచి ఒక్కోదాని గ్రావిటీ (యాసిడ్ సాంద్రత), వోల్టేజి రిజిస్టరులో రాసిన చెయ్యి ఆయనది. ఆ బ్యాటరీని ఖాళీగా వదిలితే పలకల మీద సల్ఫేటు పేరుకుని చస్తుంది, కాబట్టి ఎప్పుడూ నిండుగా ఉంచాలి. లైపో తద్విరుద్ధం. నిండుగా దాస్తే లోపలి ఎలక్ట్రొలైటు మెల్లగా విరిగి గ్యాసు పుడుతుంది, వేడికి ఇంకా త్వరగా. అందుకని వాడని రోజుల్లో సెల్‌కి 3.8 దగ్గర సగంలో ఉంచాలి. సెల్‌లన్నిటినీ సమానంగా ఉంచే బ్యాలెన్సు ఛార్జరులో స్టోరేజి అని పెడితే ఎక్కువుంటే దించి, తక్కువుంటే ఎక్కించి అక్కడికి తెస్తుంది. ఇదంతా వాడు సగం తెలుగు, సగం చేతులతో చెప్పాడు. 1300 ఎంఏహెచ్‌కి 1.3 ఆంపియర్లు పెడతానంటే, "మేం పదో వంతే పెట్టేవాళ్లం" అని నాన్న నోరు చప్పరించారు. మర్నాటి నుంచి పాత డైరీలో రెండు గళ్లు గీశారు: సెల్ ఒకటి, సెల్ రెండు.

దాచడానికి అమ్మ బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బా తెచ్చింది. అది కుదరదు. గ్యాసు పుడితే బయటికి దారుండదు, కొనలు స్టీలుకి తగిలితే షార్టు. చివరికి వాడని మట్టి కుండీ, అడుగున ఇల్లు కట్టినప్పుడు మిగిలిన పొడి ఇసుక. గచ్చు మీద, పరదాలకి దూరంగా, మనుషులు మెలకువగా ఉన్నప్పుడే ఛార్జింగ్.

ఇంత చేసినా ఒకటి దిండులా ఉబ్బింది, అప్పటికే పాతది. అలాంటిదాన్ని మళ్లీ ఛార్జి చేయకూడదు, విమానమూ ఎక్కనివ్వరు, పాత సామాన్లవాడికి వేస్తే వాడు సుత్తితో కొడతాడు. నాన్న స్కూటరు హెడ్‌లైటు బల్బు వెతికి తెచ్చి, డాబా మీద ఇసుకలో పెట్టి దానికి తగిలించారు. ఫిలమెంటు పసుపు నుంచి ఎరుపుకి తిరిగి పూర్తిగా ఆరాక కూడా ఆ రాత్రంతా విప్పనివ్వలేదు. తర్వాత ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చి వచ్చారు, తాతా మనవడూ కలిసి.

ఇప్పుడు వీడియో కాల్లో నా క్షేమం అడిగేలోపే సెల్ రీడింగులు అడుగుతున్నారు. కొత్త గొడవేంటంటే వాడికి 11.1 వోల్టులది కావాలి. తుపాకీ ఇంకా వేగంగా కాలుస్తుందట. మాస్‌ఫెట్ (కరెంటు భారం తను మోసే చిన్న ఎలక్ట్రానిక్ స్విచ్చి) వేయకుండా అది తగిలిస్తే ట్రిగ్గరు కాంటాక్టులు మాడిపోతాయని నేను చదివి పెట్టుకుని వద్దన్నాను. నాన్న వాడి తరఫున, మాస్‌ఫెట్ ఖరీదెంతో కనుక్కోమంటున్నారు.