మైపాడు ఒడ్డున దొరికిన గుల్ల

నెల్లూరుకు దగ్గరలోని మైపాడు తీరానికి చిన్నప్పటి నుంచి ఎన్నోసార్లు వెళ్లాను గానీ, నిన్న తెల్లవారుజామున వలలు దులిపిన చోట, చిన్న చేపల మధ్య దొరికిన టరిటెల్లా అనే సముద్రపు నత్త గుల్లను చూసినంత శ్రద్ధగా ఏ గుల్లనూ ఇంతవరకు చూడలేదు. సూదిమొనలా మొదలై, మెలి తర్వాత మెలి వెడల్పవుతూ వచ్చిన ఆ గుల్ల నా చూపుడువేలుకన్నా పొడవుంది; ప్రతి మెలి చుట్టూ రెండు గట్లు గోటికి తగులుతున్నాయి. స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లినేయస్ 1758లో వర్ణించిన టరిటెల్లా డూప్లికేటా అనే జాతి ఇదేనని నా నమ్మకం.

ఈ నత్త వేటాడదు. ఇసుక కలిసిన బురదలో ఒళ్లు దాచుకొని, మొప్పలతో నీటిని వడగట్టి, అందులోని సూక్ష్మజీవులను తిని బతుకుతుంది. నాకు దొరికిన గుల్ల నడుమ, బరమాతో తొలిచినంత గుండ్రంగా ఒక రంధ్రం ఉంది. అది అలల దెబ్బ కాదు. చంద్రనత్త అనే వేటనత్త గుల్లను ఆమ్లంతో మెత్తబరిచి, అరంలాంటి నాలుకతో గంటల తరబడి గీకి చేసే రంధ్రం అలాగే ఉంటుంది. లోపలి ప్రాణి ఆ గీకుడును ఎంతసేపు భరించిందో తలచుకుంటే మనసు చివుక్కుమంది.

"అవి దేనికీ పనికిరావు సామీ" అన్నాడు వల సర్దుకుంటున్న పెద్దాయన. నోటికి మూత బిగించుకొని ఇంకా ప్రాణంతో ఉన్న అలాంటి రెండు నత్తలను మొలలోతు నీళ్లలోకి వెళ్లి వదిలి వచ్చాను.