నాన్న పేరు పెట్టి పిలిచారు, మహేంద్రగిరి ఎక్కాను

పిక్కల నొప్పులు ఇంకా తగ్గలేదు, మేడ మెట్లు దిగాలంటే గోడ పట్టుకుంటున్నాను. అయినా ఇప్పుడే రాస్తున్నాను. నాలుగు రోజులు ఆగితే ఇంటి పనుల్లో పడి సగం మరిచిపోతానని నా సంగతి నాకు తెలుసు. మొన్న శివరాత్రికి మహేంద్రగిరి కొండకి వెళ్ళొచ్చాను. మొక్కు తీరింది. ఆ కొండ మీది శివుడు గోకర్ణేశ్వరుడి దయ.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో ఉన్నా ఇంట్లో, వీధిలో, కూరగాయల కొట్లో మాట్లాడేది తెలుగే. పోయిన శ్రావణంలో నాన్నకి పక్షవాతం వచ్చింది. పొద్దున్న మొహం కడుక్కుంటూ అలాగే పక్కకి ఒరిగిపోయారు. ముందు తీసుకెళ్ళిన చోట నీరసం అన్నారు, ఒక సెలైన్ ఎక్కించి ఇంటికి పంపేశారు, ఆ పూట పోయింది. ఆ పూట గురించి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండిపోతుంది. సాయంత్రానికి కుడి చెయ్యి ఎత్తలేకపోతే అప్పుడు కారు మాట్లాడుకుని విశాఖపట్నం పరిగెత్తాం. ప్రాణం దక్కింది, చెయ్యి కొంచెం కొంచెంగా లేచింది, మాట మాత్రం రాలేదు. ముప్పై ఏళ్ళు సవర గిరిజనుల ఊళ్ళ బళ్ళలో పాఠం చెప్పిన మనిషి, గ్లాసు కావాలన్నా "అది", అన్నం కావాలన్నా "అది", నన్ను చూసినా "అది". ఆ మాట అన్నాక అది కాదని ఆయనకే తెలిసి తల అడ్డంగా ఊపేవారు, కళ్ళలో నీళ్ళు తిరిగేవి. అదే చూడలేకపోయేదాన్ని.

మాటలు నేర్పించే మేడమ్ ఒకావిడ ఒక సంగతి చెప్పింది. ఇలాంటి జబ్బులో మామూలు మాట రాకపోయినా చిన్నప్పుడు నోటికి పట్టిన పాటలు, ఎక్కాలు, వారాల పేర్లు ముందుగా వస్తాయట, వాటితో మొదలుపెట్టమంది. నేను ఎదురుగా కూర్చుని "రెండు ఒకట్ల" అన్నాను. నాన్న "రెండు" అన్నారు. స్పష్టంగా! "రెండు రెళ్ళు" అంటే "నాలుగు". రెండో ఎక్కం మొత్తం తప్పు లేకుండా చెప్పేశారు. వెంటనే నేనెవరు నాన్నా అని అడిగితే మళ్ళీ "అది".

కార్తీక సోమవారం రోజు దీపం పెడుతూ అనుకున్నాను, నాన్న నన్ను పేరు పెట్టి పిలిస్తే శివరాత్రికి నడిచి కొండెక్కుతాను స్వామీ అని. మాకు దగ్గర్లో శ్రీముఖలింగం శివాలయం ఉంది, అక్కడే మొక్కుకోవచ్చు కదా అని మా అత్తగారు అన్నారు. కానీ మా ఊరి పక్కన పారే ఏరు పేరే మహేంద్రతనయ, ఆ కొండ కూతురు. ఆ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళం, కష్టం వస్తే ఆ కొండకే చెప్పుకోవాలనిపించింది.

సంక్రాంతి వెళ్ళిన మూడో రోజు నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. లోపల్నుంచి "బుజ్జీ" అని వినిపించింది. అన్నయ్యేమో అనుకున్నాను, మళ్ళీ "బుజ్జీ, పాలు పొంగుతున్నాయి". తడి దుప్పటి కింద పడేసి పరిగెత్తాను. పాలు నిజంగానే పొంగిపోయి పొయ్యి అంతా పారాయి. ఆ పొయ్యి ఆ రోజంతా తుడవలేదు నేను.

ఇక ప్రయాణం. కోయిన్‌పూర్ మీదుగా జీపులో వెళ్ళాం, మా ఆయన, అన్నయ్య, వదిన, నేను. ఎక్కడ ఎంతసేపు ఆగామో గుర్తులేదు, జీపులో పన్నెండు మందిని కుక్కారని మాత్రం గుర్తుంది. పైదాకా బళ్ళు పోతాయి, కానీ నా మొక్కు నడకది, కింద దిగిపోయాను. చీకటి పడింది. ఒడిశా వైపు శివరాత్రిని జాగర అంటారు, ఆ రాత్రి కొండ మీద ఎంతమంది ఉన్నారో చెప్పలేను. శ్రీకాకుళం నుంచి, మందస నుంచి, బరంపురం నుంచి, ఇటు సవర ఊళ్ళ నుంచి, మూడు భాషల్లో శివనామం. ఒళ్ళు పులకరించింది. అంతలోనే వెనకనుంచి మోటారు సైకిళ్ళు హారన్ కొట్టుకుంటూ మనుషుల మధ్యలోంచి దూసుకెళ్ళడం, ట్రాక్టరు మీద డీజే బాక్సులు పెట్టుకుని గుండెలదిరేలా పాటలు. స్వామి కోసమే వచ్చాం కదా బాబూ, ఈ ఒక్క రాత్రీ ఆయన పేరు వినబడనివ్వకూడదా?

సగం దారిలో ఉండగా ఒక జీపు వస్తోందని జనం ఒక్కసారి పక్కకి తోసేశారు, ఆ తోపులాటలో మావాళ్ళు ఎటో పోయారు. ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. ఉపవాసం వల్లో, చలివల్లో, కుడికాలి పిక్క పట్టేసింది. మామూలుగా కాదు, కాలు కింద పెడితే ప్రాణం పోతోంది. దారి పక్కన రాయి మీద కూలబడ్డాను. పక్కనుంచి వందమంది వెళ్ళారు, ఎవరి జాగరణ వాళ్ళది, తప్పుపట్టను. కానీ ఏడుపు వచ్చేసింది. ఇంత దూరం వచ్చి మొక్కు సగంలో ఆగిపోతుందేమో, నాన్నకి మళ్ళీ ఏమైనా అవుతుందేమో అని ఒకటే టెన్షన్.

అప్పుడు ఒకావిడ ఆగింది. సవర ఆవిడ, నాకంటే కొంచెం పెద్దది, వీపున గుడ్డలో కట్టుకున్న బిడ్డ, చేతిలో కర్ర, పక్కన పదేళ్ళ పిల్ల. ఒడియాలో "ఏమైంది" అని అడిగింది, నేను కాలు చూపించాను. ఏమీ మాట్లాడకుండా బిడ్డని ఆ పిల్లకిచ్చి, నా ఎదురుగా నేల మీద కూర్చుని, నా పాదం తన ఒళ్ళో పెట్టుకుంది. నేను కాలు వెనక్కి లాక్కోబోతే గట్టిగా పట్టుకుంది. ఆ అరచెయ్యి ఎంత గరుకుగా ఉందంటే, గిన్నెలు తోమే పీచులా, కానీ వేడిగా ఉంది. బొటనవేలితో పిక్క కింద నుంచి పైకి ఒత్తుతూ, పాదం నావైపు వంచుతూ, చాలాసేపు అలా చేసింది. నరం వదిలిన క్షణం నాకు తెలిసింది. తర్వాత తన కర్ర నా చేతిలో పెట్టి "ధీరే ధీరే" అంది.

ఇద్దరం కలిసి నడిచాం. పిల్లతో సవరలో మాట్లాడుతుంది, నాతో ఒడియాలో. నేను తెలుగుదాన్నని తెలిశాక నవ్వి, "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని అడుగులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పసుపు, అనాస పళ్ళు తెచ్చి తెలుగువాళ్ళ సంతల్లో అమ్ముతుందట, అందుకని తెలుగులో అంకెలన్నీ వచ్చు, మిగతా మాటలు తక్కువ. ఇరవై దాకా లెక్కపెట్టి ఆగేది, ఊపిరి తీసుకునేవాళ్ళం, మళ్ళీ ఒకటి నుంచి. ఎక్కాలు చెప్తున్న నాన్న గొంతే నాకు వినిపిస్తోంది. ఆ చీకట్లో ఏడుస్తూనే నడిచాను, ఇప్పుడు భయంతో కాదు.

కుంతి గుడి దగ్గర మావాళ్ళు కనిపించారు, మా ఆయన మొహం పాలిపోయి ఉంది. తిరిగి చూసేసరికి ఆవిడ వాళ్ళ ఊరివాళ్ళ గుంపులో కలిసిపోతోంది. కర్ర ఇవ్వబోతే దిగేటప్పుడు కావాలి ఉంచుకో అన్నట్టు చెయ్యి ఊపింది.

గోకర్ణేశ్వరుడి దర్శనం ఎంతసేపు అయిందో చెప్పనా, ఒక రెప్పపాటు. లైను అని ఒకటి ఉంటుంది పేరుకి, గుమ్మం దగ్గరికొచ్చేసరికి అంతా తోపులాటే, నా ముందు ఒకాయన ఫోన్ పైకెత్తి వీడియో తీస్తూ నిలబడిపోయాడు. ఆయన మోచెయ్యి కింద నుంచి చూశాను. మారేడు దళాల మధ్య తడి రాయి, దాని మీద దీపం వెలుగు ఒక గీతలా కదిలింది, అంతే. ఒకప్పుడు కళింగని ఏలిన గంగరాజులు తమ శాసనాల్లో మహేంద్రగిరి మీద వెలసిన గోకర్ణస్వామి అని తలుచుకుని మొక్కిన దేవుడు, వెయ్యేళ్ళ కిందట వాళ్ళకి ఎంత కనిపించాడో నాకూ అంతే కనిపించాడనుకున్నాను. నాన్న పేరు, గోత్రం చెప్దామని గట్టిగా అనుకుని వెళ్ళాను. నోట్లోంచి ఒక్క మాట రాలేదు. చేతులు జోడించడం కూడా బయటికి వచ్చాకే.

తెల్లవారాక భీముడి గుడి దాకా ఎక్కాం. 1,501 మీటర్ల కొండ, ఒడిశాలోని ఎత్తైన కొండల్లో ఒకటి. అంతంత బండరాళ్ళు పేర్చి కట్టిన చిన్న గుడి, భీముడు కాకపోతే ఎవరు ఎత్తుతారు అనిపిస్తుంది చూస్తే. మంచు కమ్మేసి పక్కమనిషి కనిపించలేదు, మధ్యలో ఒక్క నిమిషం తెర తీసినట్టు విచ్చుకుంది, దూరంగా సముద్రం వెండి అంచులా మెరిసింది. రాజేంద్ర చోళుడు ఈ కొండ మీద జయస్తంభం నాటించాడని నాన్న మా చిన్నప్పుడు కథలా చెప్పేవారు. అలాంటి చోట గోడల నిండా సుద్దతో, బొగ్గుతో ప్రేమికుల పేర్లు, కాళ్ళ కింద ప్లాస్టిక్ గ్లాసులు, ప్రసాదం దొన్నెలు. పరశురాముడు ఇంకా తపస్సు చేస్తున్నాడని నమ్మే కొండ ఇది. చేతనైనన్ని ఏరి ఒక సంచిలో వేసుకుని దిగాను, వదిన కూడా ఏరింది.

ఇంటికొచ్చి నాన్న నుదుటన విభూతి పెట్టి, కర్ర ఆయన మంచానికి ఆనించి, అంతా చెప్పాను. సవర ఆవిడ తెలుగులో అంకెలు లెక్కపెట్టిందని చెప్పినప్పుడు నాన్న కళ్ళు మారాయి. గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊళ్ళో ఉండి, సవరవాళ్ళ దగ్గర వాళ్ళ భాష నేర్చుకుని, సొంత డబ్బుతో వాళ్ళకి బళ్ళు పెట్టి, 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసిన రోజున రాజమండ్రి వెళ్ళిపోయిన సంగతి నాన్న ప్రతి ఏడాదీ బళ్ళో చెప్పేవారు. పిల్లల భాష రాకుండా పిల్లలకి పాఠం చెప్పకూడదని నాన్న పట్టుబట్టి సవర నేర్చుకున్నది కూడా పంతులుగారిని చూసే.

కర్ర వంక చూస్తూ నాన్న పెదవులు కదిపారు. "అది" అంటారేమో అని నా గుండె ఆగింది. "అబోయ్" అన్నారు. నాకు అర్థం కాలేదు. వేలు ఒకటి ఎత్తి మళ్ళీ "అబోయ్", రెండో వేలు ఎత్తి "బాగు", మూడో వేలు ఎత్తి "యాగి". సవరలో ఒకటి, రెండు, మూడు. నాలుగో వేలు ఎత్తి చాలాసేపు వెతుక్కున్నారు, నేను అందించలేను, నాకు రాదు. "ఉంజి" అన్నారు చివరికి. ఐదు మాత్రం ఆ రోజు దొరకలేదు. ఈ ఆదివారం ఆ కర్ర పట్టుకుని సంతకి వెళ్తున్నాను, పసుపు అమ్మే చోట వెతుకుతాను. ఆవిడ కనిపిస్తే కర్ర ఇచ్చేసి, ఐదు ఎలా అంటారో అడిగి వస్తాను.