మోకాలి వెనక రాయి: నా అనుభవం

నొప్పి లేనిదాన్ని జబ్బనుకోం కదా. గొంతుక్కూర్చుంటే మోకాలి వెనక రాయేదో అడ్డుపడినట్టుండేది, అంతే. ఏడాదిన్నర అలాగే గడిపేశాను.

ఎక్స్‌రేలో తొడ ఎముక కింది చివర, వెనకవైపు, తెల్లటి గడ్డ కనిపించింది. మొదట చూసిన డాక్టరు మామూలు ఎముక బొడిపే, చెక్కేద్దామని తేదీ కూడా ఇచ్చారు. జ్వరమొచ్చి ఆగిపోయింది. ఆ సందులో కణితులు చూసే సర్జన్‌కి చూపించుకున్నాను.

ఆయన గడ్డకీ ఎముకకీ మధ్య సన్నటి నల్లగీత ఒకటి చూపించారు. మామూలు బొడిపె అయితే ఎముక లోపలి మూలుగ అందులోకీ సాగి ఉంటుందట. ఇది పైపొర మీద అతుక్కుని ఎముక చుట్టూ పాకుతోంది. దెబ్బ తగిలాక కండలో గట్టిపడే ఎముకకి అంచులు దట్టంగా ఉంటాయి. నాదేమో ఎముకని అంటుకున్న మొదలు దగ్గర దట్టం, అంచుల్లో పల్చన. అనుమానం పారోస్టియల్ ఆస్టియోసార్కోమా మీద, అంటే ఎముక పైభాగాన పుట్టే ఒక క్యాన్సర్ మీద.

సార్కోమా అన్న మాట తర్వాత నాకేమీ వినపడలేదు. ఇంటికెళ్ళి మళ్ళీ ఫోన్ చేసి అడగాల్సొచ్చింది. ఎముక లోపల పుట్టే రకంలా ఇది దూకుడుది కాదు, మెల్లగా పెరుగుతుంది, చుట్టూ ఆరోగ్యకరమైన పొరతో సహా తీసేస్తే సాధారణంగా కీమో అక్కర్లేదు. చెక్కి వదిలేస్తే మాత్రం తిరిగొస్తుంది. కొందరిలో ఉగ్రంగానూ మారుతుంది. చెక్కడానికి నాకు తేదీ ఇచ్చారని గుర్తొచ్చి ఒళ్ళు చల్లబడింది.

బయాప్సీ పక్కనే ఉన్న ల్యాబ్‌లో చేయించుకొస్తానన్నాను. వద్దన్నారు. సూది వెళ్ళిన దారిని కూడా తర్వాత గడ్డతోపాటు కోసి తీయాలి, కాబట్టి ఎక్కడ గుచ్చాలో ఆపరేషన్ చేసేవాళ్ళే నిర్ణయించాలి. ఈ ఒక్క ముక్క ఎవరైనా అడిగితే తప్పకుండా చెబుతాను. కణాలు చూడ్డానికి మరీ సాధువుల్లా ఉన్నాయని ఈ క్యాన్సర్‌ని గుర్తుపట్టడానికి పనికొచ్చే ఎండీఎం2 అనే జన్యువు పరీక్ష కూడా చేసి ఖాయం చేశారు. ఆ పది రోజులూ ఎలా గడిచాయో అడక్కండి.

ఆపరేషన్‌లో మోకాలి కీలు మిగిలింది. ఎముక వెనక సగం తీసి, దాత ఎముక పెట్టి, ప్లేటుతో బిగించారు. అంచులు శుభ్రం, ఉగ్రభాగమేదీ లేదని రిపోర్టు. కీమో తప్పింది. నెలల తరబడి చంకకర్రలే.

ఇది ఏళ్ళ తర్వాత కూడా తిరిగి రావచ్చు కనుక పరీక్షలు ఆగవు. వచ్చే నెల మోకాలికి ఎక్స్‌రే, ఛాతీకి సీటీ. గొంతుక్కూర్చోవడం మాత్రం ఇంకా రావట్లేదు.