తోక కింద నాడి

ముందురోజు సాయంత్రం నుంచి దవడ లాగుతోంది. కింది వరుసలో పన్ను ఒకటి ఎప్పుడో పుచ్చింది కాబట్టి దాని పనే అనుకుని, లవంగం నొక్కిపెట్టుకుని పడుకున్నాను. తెల్లవారి లేచేసరికి అది పంటి నొప్పిలా లేదు. దవడ ఎముక లోపల ఎక్కడో బరువు. ఫిబ్రవరి నెల. మా సింగరాయకొండ ప్రాంతంలో పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్లు రాత్రీ పగలూ మండే రోజులు, ఊరంతా కట్టెల పొగ. ఆ వాసనకే కడుపులో తిప్పుతోందనుకుని పనికి బయలుదేరాను.

నేను పశువైద్యుణ్ని. ఆరోజు మొదట వచ్చింది ఒక పాడిగేదె. ట్రావిస్ అని మేము పిలిచే ఇనుప చట్రంలో దాన్ని నిలబెట్టించి, చేతికి తొడుగు వేసుకుంటుండగా ఒళ్లంతా ఒక్కసారిగా చెమట పట్టింది. ఎండకు పట్టే చెమట కాదు, చల్లటి చెమట. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. మోకాళ్లలో సత్తువ పోయింది. పదకొండేళ్లుగా షుగర్ ఉన్నవాణ్ని. ఇలాంటి చెమట, ఇలాంటి నీరసం వస్తే చక్కెర పడిపోయిందనే ముందు అనుకుంటాం. అటెండరు అప్పటికే గ్లాసులో పంచదార కలుపుతున్నాడు. సంచిలోని మిషన్‌తో చూసుకుంటే పడిపోలేదు, 214 ఉంది.

అలవాటుగా వేళ్లు మణికట్టు మీదికి వెళ్లాయి. చక్కెర పడిపోతే గుండె పరుగెత్తాలి. నాకు ఒక దెబ్బ తగిలింది, తరువాత చాలాసేపు ఏమీ లేదు, మళ్లీ ఒక దెబ్బ. గోడ గడియారం చూస్తూ నిమిషం పూర్తిగా లెక్కపెట్టాను. 42. ఆవుకు తోక కింద నాడి పట్టుకుంటే 60 చుట్టుపక్కల వస్తుంది.

ఛాతీలో నొప్పి లేదు. ఈ మాట మళ్లీ రాస్తున్నాను. ఛాతీలో నొప్పి లేదు.

తిరుపతి పశువైద్య కళాశాలలో చదువుకునేటప్పుడు శరీరధర్మశాస్త్రం పాఠంలో విన్న ఒక పేరు ఆ క్షణంలో గుర్తొచ్చింది. 1867లో ఆల్బర్ట్ ఫాన్ బెజోల్డ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు, హిర్ట్ అనే సహచరుడితో కలిసి, వెరాట్రమ్ మొక్కలో ఉండే విషాన్ని జంతువుల రక్తంలోకి ఎక్కించి చూశాడు. గుండె నెమ్మదించింది, రక్తపోటు జారింది, ఊపిరి కాసేపు ఆగింది. మెదడునూ గుండెనూ కలిపే వేగస్ నాడుల్ని మెడలో తెంచితే అవేవీ జరగలేదు. సుమారు 70 ఏళ్ల తరువాత ఆస్ట్రియాకు చెందిన యారిష్ ఈ ప్రయోగాల్ని మళ్లీ చేపట్టి, ఆ కబురు గుండె నుంచే మెదడుకు వెళుతోందని తేల్చాడు. మెదడు దానికి జవాబుగా గుండెను నెమ్మదించమంటుంది, రక్తనాళాల్ని వదులు చేయమంటుంది. ఇలా కబురు పంపే నాడీకొసలు గుండె కింది గదుల్లో ఒకటైన ఎడమ జఠరిక కింది గోడలో, వెనక గోడలో ఎక్కువ. గుండెపోటు ఆ గోడకు వచ్చినప్పుడు కడుపులో తిప్పడం, చల్లటి చెమట, నెమ్మదించిన నాడి తరచుగా కలిసి కనిపిస్తాయి.

ఆ మూడూ నా ఒంట్లోనే ఉన్నాయి. గేదెను విప్పించమని చెప్పి, ఒంగోలు వెళ్లాలి, కారు పిలవమని అటెండరుతో అన్నాను. కారు దగ్గరికి నడవబోతే కళ్లు చీకట్లు కమ్మాయి. తరువాత తెలిసింది అతని గొంతు ఒక్కటే. “సార్, సార్, పడుకోండి, లేవొద్దు.”

ఆసుపత్రిలో ఈసీజీ కాగితం బయటికి రాగానే డాక్టరు గారు కింది గోడ అని వేలు పెట్టి చూపించారు. ముందు అట్రోపిన్ ఇచ్చారు. పురుగుమందు కొట్టిన గడ్డి మేసి నురగలు కక్కుతున్న పశువులకు ఆ మందును ఎన్నిసార్లు ఎక్కించానో లెక్క లేదు. అది వేగస్ మాటను గుండెకు చేరనివ్వదు. రెండు మూడు నిమిషాల్లో తెరమీద అంకె 70 దాటింది, నోరు ఎండిపోయింది. ఆ ఎండిపోవడం నాకు ఎంతో ధైర్యం ఇచ్చింది. తరువాత గడ్డ కరిగించే ఇంజెక్షన్, మర్నాడు యాంజియోగ్రామ్, కుడివైపు ధమనిలో ఒక స్టెంట్. ఆ రెండు రోజుల్లో బాగా గుర్తున్నది నా భార్య చేయి. మంచం ఊచ మీద నుంచి నా పాదాన్ని పట్టుకుని కూర్చుంది. పట్టుకున్నట్టు చూస్తేనే తెలిసింది నాకు, అరికాలికి ఆ స్పర్శ సరిగా అందలేదు.

డాక్టరు గారితో ఆ సంగతి చెబితే, ఛాతీ ఎందుకు నొప్పి పెట్టలేదో కూడా అక్కడే ఉందన్నారు. ఏళ్ల తరబడి ఉన్న షుగర్ సన్నటి నాడీపోగుల్ని దెబ్బతీస్తుంది. పాదంలో ఉన్నవీ అంతే, గుండెలో ఉన్నవీ అంతే.

గుండె నుంచి కబురు పైకి పోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి వేగస్, మెదడు కాండానికి వెళుతుంది. రెండోది సహానుభూత నాడుల వెంట వెన్నుపాములో ఛాతీభాగం పైఅంతస్తులకు వెళుతుంది. నొప్పి ముఖ్యంగా ఈ రెండో దారిన నడుస్తుంది. ఎడమ చేతి నుంచి వచ్చే నాడులు కూడా అక్కడికే చేరతాయి కాబట్టి గుండె బాధను మెదడు చేతి బాధగా చదువుతుంది. రక్తం అందని కండరంలో ఆమ్లం పేరుకుంటుంది, బ్రాడీకైనిన్ లాంటి పదార్థాలు ఊరతాయి, నాడీకొసలు వాటిని పసిగడతాయి. నా విషయంలో నొప్పి దారి మూగబోయింది, వేగస్ దారి ఇంకా పలుకుతోంది. డాక్టరు గారి మాటల్ని నేను ఇలా అర్థం చేసుకున్నాను. వేగస్‌లో ఉన్న పోగుల్లో దాదాపు 80 శాతం కిందికి ఆజ్ఞలు తెచ్చేవి కావు, పైకి కబుర్లు మోసేవి. పిల్లుల్లో లెక్కపెట్టిన సంగతి ఇది.

ఇంటికి వచ్చాక మొదటి రెండు వారాలు రాత్రిళ్లు భయం. దిండు మీద చెవి ఆన్చితే గుండె చప్పుడు వినిపించేది, ప్రతి దెబ్బకూ తరువాతి దెబ్బ కోసం ఎదురుచూసేవాణ్ని. నిద్ర రాని ఆ గంటల్లో పాత పుస్తకాలు తీశాను. అవతార్ సింగ్ పెయింటల్ గురించి మళ్లీ చదివాను. తరువాతి కాలంలో భారత వైద్య పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్ అయిన మన శాస్త్రవేత్త ఆయన. మత్తిచ్చిన పిల్లి వేగస్ నాడిని పోగులు పోగులుగా విడదీసి, ఒకే ఒక్క పోగు ఏం పలుకుతోందో విన్నారు. గుండె పైగదులైన కర్ణికల్లో రెండు రకాల గ్రాహకాలున్నాయని 1953లో రాశారు. ఒక రకం కర్ణిక ముడుచుకునేటప్పుడు పలుకుతుంది, ఇంకో రకం కర్ణికలోకి రక్తం నిండేటప్పుడు పలుకుతుంది. గుండె ఒక్కసారి కొట్టుకునేలోపే తన పని గురించి, తనలో నిండిన రక్తం గురించి విడివిడిగా చెప్పుకుంటోంది. ఆ పేజీ చదివిన రాత్రి చాలా రోజుల తరువాత గుండె చప్పుడు వింటూ నిద్రపోయాను.

పడుకోగానే మూత్రానికి లేవాల్సి రావడం కూడా అప్పట్లో నన్ను కంగారు పెట్టింది. మందుల ప్రభావం కొంత ఉంది, కానీ శరీరం సహజంగా చేసే పని కూడా ఉంది. పడుకుంటే కాళ్లలోని రక్తం ఛాతీ వైపు వస్తుంది, కర్ణికలు సాగుతాయి. 1956లో హెన్రీ, గావర్ బృందం మత్తిచ్చిన కుక్కల ఎడమ కర్ణికలో చిన్న బుడగ ఉబ్బించి చూస్తే మూత్రం పెరిగింది. ఇది చెప్పాక మా ఆవిడ నేను లేచినప్పుడల్లా లైటు వేసి కూర్చోవడం మానేసింది.

స్పృహ తప్పడం మాత్రం నన్ను చాలాకాలం వేధించింది. 2023లో అమెరికాలో ఎలుకల మీద చేసిన పరిశోధన చదివాక కొంత తెరిపినిచ్చింది. జఠరికల నుంచి వచ్చే వేగస్ నాడీకణాల్లో ఒక గుంపును మాత్రమే కాంతితో ఉత్తేజపరిస్తే, హాయిగా తిరుగుతున్న ఎలుక క్షణాల్లో పడిపోయింది. మెదడుకు రక్తం తగ్గింది, కళ్లు తేలేసింది. బెజోల్డ్ మొక్క విషంతో చూసినదాన్ని 150 ఏళ్లు దాటాక వెలుతురుతో చూశారు. కారు దగ్గర నాకు జరిగింది కూడా దాదాపు అదే అయి ఉంటుందని అనుకుంటున్నాను.

మే నెలలో పనికి వెళ్లాను. బరువులు ఎత్తొద్దన్నారు కాబట్టి పెద్ద పనులు కొత్తగా వచ్చిన డాక్టరమ్మ చేస్తోంది. రెండో వారంలో ఒక పెద్దావిడ ఒంగోలు ఆవును తోలుకొచ్చింది. నాలుగు రోజులుగా మేత ముట్టడం లేదు, మోచేతులు బయటికి పెట్టి నిలబడుతోంది, పల్లంలోకి దిగమంటే దిగడం లేదు. మూపురం వెనక చర్మం పట్టి నొక్కాను. ఆరోగ్యంగా ఉన్న ఆవు నడుము కిందికి వంచుతుంది. ఇది వంచలేదు, గొంతులో మూలిగింది. గంగడోలు కింద చేయి పెట్టి చూశాను, వాపు లేదు, మెడ నరం ఉబ్బలేదు. తోక కింద నాడి 96.

“ఏమైందయ్యా దానికి?” అంది ఆవిడ.

“తీగ మింగినట్టుందమ్మా. గుండె దాకా ఇంకా పోలేదు.”

ఆవుకు తేనెపట్టులా గదులుండే పొట్టకూ గుండెకూ మధ్య ఉన్నది ఒక పలచటి పొర. గడ్డితో పాటు లోపలికి పోయిన తీగ పొట్ట ముడుచుకున్నప్పుడల్లా కొంచెం కొంచెం ముందుకు జరుగుతుంది. ఆ మధ్యాహ్నమే డాక్టరమ్మ ఎడమ పక్క కోసి, భుజం దాకా చేయి పెట్టి తడిమింది. నేను తల దగ్గర నిలబడి చెవి వెనక నిమురుతూ ఉన్నాను. మూడు అంగుళాల కట్టుడు తీగ, ఒక కొన నల్లబడి, ఇంకో కొన సూదిలా మెరుస్తూ స్టీలు పళ్లెంలో పడింది.

మూడో రోజు పొద్దున వాళ్ల దొడ్డికి వెళ్లేసరికి ఆవు పడుకుని నెమరు వేస్తోంది. లేపకుండానే వెనక కూర్చుని తోక ఎత్తి వేళ్లు పెట్టాను. 64. రెండో చేతి వేళ్లు నా మెడ మీద పెట్టుకుని కాసేపు రెండూ విన్నాను.