సీతాకోకచిలుక రావలసిన గూటి నుంచి ఈగ: నా అనుభవం

జిల్లేడు ఆకులు తినే ప్లెయిన్ టైగర్ గొంగళిపురుగులు ఐదింటిని తెచ్చి, పల్చటి గుడ్డ కట్టిన గాజు సీసాలో పెంచడం మొదలుపెట్టినప్పుడు, అవి సీతాకోకచిలుకలయ్యే క్రమాన్ని రోజువారీగా నోటు పుస్తకంలో రాసుకోవాలన్నదే నా ఉద్దేశం. ఐదూ బాగా తిన్నాయి, చర్మాలు విడిచాయి, చివరికి సీసా మూతి గుడ్డకు తలకిందులుగా వేలాడి ప్యూపాలయ్యాయి, అంటే లోపల రూపు మారే గూటి దశకు చేరాయి. నాలుగు ప్యూపాలు లేత ఆకుపచ్చ రంగులో, బంగారు చుక్కలతో నిగనిగలాడుతుండగా ఐదోదాని మీద మాత్రం మూడో రోజుకే గోధుమరంగు మచ్చలు కనిపించాయి. ఐదో రోజు పొద్దున్న చూసేసరికి దాని నుంచి రెండు తెల్లటి దారాలు సీసా అడుగు దాకా వేలాడుతున్నాయి.

అవి పట్టుదారాలు కావు. పుల్లతో తాకితే జిగురుగా సాగాయి. గూటిని తొలుచుకుని బయటపడిన రెండు పురుగులు ఆ జిగురు తీగల మీదుగానే కిందికి దిగాయి. మీగడ రంగు, బియ్యపు గింజకన్నా కాస్త లావు, కాళ్లు లేవు, తల అని చెప్పదగిన భాగం లేదు. భూతద్దంలో చూస్తే ముందు కొసన నల్లటి కొక్కేల్లాంటి నోటి భాగాలు, వెనుక కొసన ఊపిరి తీసుకునే రెండు ముదురు చుక్కలు స్పష్టంగా కనిపించాయి. ఈగ లార్వా అని గుర్తుపట్టడానికి ఆ రెండు గుర్తులు చాలు.

పారేద్దామనే అనుకున్నాను. అయితే గుడ్డ కట్టిన సీసాలోకి ఈగ ఎలా వచ్చిందన్న ప్రశ్న నన్ను వదల్లేదు. చదివితే తెలిసింది: ఇవి టాకినిడ్ కుటుంబానికి చెందిన బదనిక ఈగలు, అంటే వేరే పురుగు శరీరంలో దాన్నే తింటూ పెరిగేవి. ఇప్పటికి గుర్తించినవే 8,000కు పైబడిన జాతులున్న ఈ కుటుంబంలో గుడ్డు పెట్టే పద్ధతి ఒకటే కాదు. కొన్ని జాతులు గొంగళిపురుగు చర్మం మీదే తెల్లటి గుడ్డు అంటిస్తాయి. పట్టుపురుగులు పెంచేవారికి బాగా తెలిసిన ఊజి ఈగ చేసేది ఇదే, లార్వా లోపలికి దూరిన చోట నల్లటి మచ్చ పడుతుంది. మరికొన్ని జాతులు కంటికి ఆనని సన్నటి గుడ్లను ఆకుల మీద పెట్టి పోతాయి. ఆకుతో పాటు గుడ్డును గొంగళిపురుగే మింగుతుంది, లార్వా పేగు గోడను తొలుచుకుని శరీరంలోకి చేరుతుంది. తెచ్చిన రోజున ఐదింటినీ భూతద్దంతో చూసినప్పుడు చర్మం మీద గుడ్డు గానీ నల్లమచ్చ గానీ లేదు కాబట్టి, ఇది ఆకు దారినే లోపలికి వెళ్లిందని నేను నిర్ణయించుకున్నాను.

లోపలి జీవితం గురించి చదివినదే నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచింది. గొంగళిపురుగు రక్తకణాలు పరాయి జీవి చుట్టూ చేరి దాన్ని ఊపిరాడకుండా బంధించాలని చూస్తాయి. చాలా టాకినిడ్ లార్వాలు ఆ కవచాన్నే గరాటులాగా మలుచుకుని, దాని కొసను ఆతిథేయి (తాము లోపల ఉంటున్న పురుగు) శ్వాసనాళానికో చర్మానికో కలుపుకుని గాలి పీల్చుకుంటాయి. ప్రాణానికి ముఖ్యమైన అవయవాలను చివరిదాకా ముట్టవు. నా గొంగళిపురుగు మిగతా నాలుగింటితో సమానంగా తిని ప్యూపా దాకా రాగలిగింది అందుకే.

సీసా అడుగుకు దిగిన కొన్ని గంటల్లోనే రెండు పురుగులూ పొట్టిగా ముడుచుకుని పీపా ఆకారానికి వచ్చాయి. ఇక్కడ ఈగకూ సీతాకోకచిలుకకూ పెద్ద తేడా ఉంది. గొంగళిపురుగు చివరి చర్మాన్ని విడిచి ప్యూపా అవుతుంది, ఈగ లార్వా తన చివరి చర్మాన్ని విడవకుండా దాన్నే గట్టిపరచుకుని లోపల ప్యూపా అవుతుంది. మీగడ రంగు సాయంత్రానికి ఇటుక రంగయింది, మర్నాటికి ముదురు గోధుమరంగుకు తిరిగింది. ఒకదాన్ని తడి మట్టి మీద ఉంచాను. రెండోది బాగా కనిపించాలని పొడి కాగితం మీద పెట్టాను, అది నేను చేసిన పొరపాటు.

పన్నెండో రోజు పొద్దున్న మట్టి మీది గూడు ఒక కొస మూతలాగా తెరుచుకుంది. ఈగ నుదుటి నుంచి తెల్లటి తిత్తి ఒకటి ఉబ్బుతూ, తగ్గుతూ, మళ్లీ ఉబ్బుతూ ఆ మూతను నెట్టింది. బయటికి వచ్చిన ఈగ బూడిదరంగులో, మెత్తగా, నలిగిన రెక్కలతో ఉంది. రెక్కలు విచ్చుకునేసరికి దాదాపు అరగంట పట్టింది. తిత్తి లోపలికి ముడుచుకుపోయాక మీసాల పైన విల్లులాంటి గీత మాత్రం మిగిలింది.

చూడగానే ఇంటి ఈగే అనిపిస్తుంది. తేడాలు భూతద్దం కింద తెలుస్తాయి. పొట్ట చివర నిక్కబొడుచుకున్న దట్టమైన ముళ్లలాంటి వెంట్రుకలు ఉన్నాయి. మీసం మీద ఉండే సన్నటి పోగు ఇంటి ఈగకు ఈకలాగా ఉంటే దీనికి నున్నగా ఉంది. అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు పక్కనుంచి చూస్తే కనిపించేది: వక్షం వెనుక భాగంలో, ముక్కోణపు పలక కింద, మరో చిన్న ఉబ్బు. నల్లచారల మాంసపు ఈగకు ఆ ఉబ్బు ఉండదు. ఆ ఉబ్బు కనిపించేలా ఈగను పక్కకు తిప్పి చూడడానికే నాకు గంట పట్టింది.

పెద్దయిన ఈగ కుట్టదు, పూలతేనె వంటి తీపి ద్రవాలతో బతుకుతుంది. చక్కెర నీటిలో ముంచిన దూది పెట్టి ఒక రోజు ఉంచుకుని, మర్నాడు వదిలేశాను. నాలుగు సీతాకోకచిలుకలు అంతకుముందే ఎగిరిపోయాయి.

కాగితం మీది గూడు ఇరవయ్యో రోజుకూ తెరుచుకోలేదు. సూదితో విప్పి చూస్తే లోపల కళ్లు, కాళ్లు, మడిచిన రెక్కలు, వెంట్రుకలతో సహా ఈగ పూర్తిగా తయారై ఎండిపోయి ఉంది. మట్టిలోని తడి దొరికి ఉంటే అదీ బయటికి వచ్చేదే. ఈసారి పెంచేటప్పుడు సీసా అడుగున రెండు వేళ్ల మందాన తడి మట్టి ముందే పోసి ఉంచుతాను.